మెడ మీది గీతలు

ఆ ఎండాకాలం మా ఊరి ఆడవాళ్లంతా మెడ వెనుక చెయ్యి పెట్టుకుని తిరిగారు. నెత్తిన నీళ్ల బిందె ఉన్నా సరే, ఖాళీగా ఉన్న చెయ్యి మెడ మీదికే పోయేది. ఇప్పుడు చెబితే వినేవాళ్లు నవ్వుతారు. అప్పుడు ఎవరూ నవ్వలేదు. నేనైతే అసలే నవ్వలేదు, ఎందుకంటే ఆ చేతులన్నీ మెడ మీది నుంచి దిగి చివరికి చూపించింది మా అత్త హేబ్సిబానే.

దుబల్గుండి దాటి కొంత దూరం పోతే మా ఊరు. ఇంకా మైసూరు రాష్ట్రం అని పిలుస్తున్న రోజులు. నేను కోడలిగా వచ్చి ఏడాది కూడా తిరగలేదు. నా భర్త శాంతరాజు హుమ్నాబాద్‌లో లారీల షెడ్డులో పని చేసేవాడు. శనివారం వచ్చి సోమవారం తెల్లారి పోయేవాడు. మిగతా రోజులు ఇంట్లో అత్తా నేనూ. నాకు మిషను మీద కుట్టుపని వచ్చు కాబట్టి ఊళ్లో రైకలన్నీ నా దగ్గరికే వచ్చేవి. రైతుల ఆడవాళ్లు రైక కుట్టించుకోవడానికి మా క్రైస్తవుల వాడకు రావచ్చు, మా ఇంట్లో మంచినీళ్లు మాత్రం తాగకూడదు. ఆ తేడాలు వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

మా అత్తకు ఒక అలవాటు ఉండేది. పొద్దున్నే ఊరంతా ఒక చుట్టు తిరిగేది. ప్రతి ఇంటి ముందు ఆగి, కళ్లు మూసుకుని, ఆ ఇంట్లో వాళ్ల పేర్లు ఒక్కొక్కటే దేవునికి చెప్పుకుని, ఆమేన్ అనుకుని కదిలేది. పైకి ఏమీ వినిపించేది కాదు, పెదవులు మాత్రం ఆడేవి. మా వాడలో కంటే రైతుల వీధిలోనే ఎక్కువసేపు నిలబడేది. ఎందుకంటే, "మన పేర్లు దేవునికి ఎరుకే. వాళ్ల పేర్లు ఎవరన్న చెప్పాలె గద" అనేది.

ఆమె దేవత అని చెప్పడానికి ఇదంతా చెప్పడం లేదు. కూరలో ఉప్పు ఎక్కువైతే వారం దాకా దెప్పే మనిషి. పేరు చెప్పకుండా పారిపోయే పిల్లలను వెంటబడి మరీ అడిగేది. ఊరు నవ్వుకునేది. "హేబ్సమ్మా, మా బర్రె పేరు గూడ కలుపు, పాలిస్తలేదు" అని ఎగతాళి చేసేవాళ్లు. ఆమె నిజంగానే కలిపేది.

ఆ ఏడు ఉగాదికి రేషను దుకాణంలోకి కంట్రోలు బట్ట వచ్చింది. ఒకటే తాను, ఒకటే ఎరుపు. ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ దాన్నే కొన్నారు, అందరి రైకలూ నేనే కుట్టాను. పండుగనాడు ఊరి ఆడవాళ్లను చూసి మా అత్త, అందరూ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నారని మురిసిపోయింది.

పండుగ వెళ్లిన కొన్నాళ్లకు భాగీరథి మా గుమ్మంలోకి వచ్చింది. ఊరి పటేలు రాచయ్య కోడలు. ఎర్ర రైక చంకల్లో బిగుతైందని, కుట్లు విప్పి వదులు చెయ్యమని తెచ్చింది. రైక నా చేతికిచ్చి, అటూ ఇటూ చూసి, కొంగు తీసి మెడ వంచింది.

"లీయా, జర సూడవే. మెడ మీద ఒక్కటే మంట."

చూశాను. చర్మం ఎర్రగా పొంగి, నడుమ నల్లబడి ఉంది. రెండు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ కత్తెరలా, వాటి కింద ఒక చుక్క. ఎవరో కూర్చోబెట్టి వాత పెట్టినట్టుంది.

"ఏమన్న కుట్టిందా భాగీరథమ్మా?"

"ఏం కుట్టలె. పండుకొని లేచేసరికి ఉన్నది."

సరిగ్గా అప్పుడే మా అత్త ఊరు తిరిగి వచ్చింది. ఆ మెడ చూసి "అయ్యో బిడ్డా" అంది. అక్కడే నిలబడి కళ్లు మూసుకుని పెదవులు ఆడించింది. భాగీరథి ఆ పెదవులనే చూసింది. కొంగు మెడ మీదికి లాక్కుని, వస్తానని కూడా చెప్పకుండా వెళ్లిపోయింది. రైకను నేను పెట్టెలో పడేశాను, తర్వాత చూద్దామని.

ఆ వారంలోనే ఇంకొకరికి లేచింది, ఆ వెనుక మరి కొందరికి. ఒకరికి మూడు నిలువు గీతలు, ఒకరికి గుండ్రటి సున్నా. భాగీరథి మెడ మీది కత్తెరను సిలువ అన్నారు. సరే, అది చూడ్డానికి అలాగే ఉంది. మూడు గీతలను కూడా సిలువే అన్నారు, ఒక గీత ఇంకా అడ్డం తిరగలేదట. సున్నాను ఏమన్నారో నాకు తెలియదు, దాన్ని గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. అంతలో భాగీరథి పొయ్యి దగ్గర కళ్లు తేలేసి పడిపోయింది. అప్పుడు ఆ మాట బయటికి వచ్చింది: బాణామతి. ఎవరో చేతబడి చేస్తున్నారు.

మా వాడ మలుపులో రాచయ్య భార్య అంబమ్మ నన్ను ఆపింది. చేతికి అందనంత దూరంలోనే నిలబడి మాట్లాడింది.

"మీ అత్త మా ఇంటి ముందల నిలబడి నోరాడిచ్చింది. తెల్లారి మా కోడలికి లేచింది."

"పెద్దమ్మా, మా అత్త అందరిండ్ల ముందల నిలబడతది గద. ఏం లేవని ఇండ్లే ఎక్కువున్నయి."

"లేవని ఇండ్ల సంగతి నిన్నెవరడిగిండ్రే? లేచినోళ్లని అడుగు, అందరి ముందలా నిలబడ్డది." ఇంకో అడుగు వెనక్కి వేసి అంది. "గది గాక, మీ వాడల ఒక్కలకన్న లేచిందా చెప్పు."

నిజమే, మా వాడలో ఒక్కరికీ రాలేదు.

ఇంటికొచ్చి అత్త కాళ్లు పట్టుకున్నంత పని చేశాను, ఊళ్లోకి పోవద్దని. తిట్టింది, తర్వాత మానేసింది. రెండో రోజుకే, "భయపడ్డది, ఇంట్లకెల్లే మంత్రం పంపుతాంది" అన్నారు. గడప మీద కూర్చుంటే దారిన పోయేవాళ్ల మీద చూపు పెట్టిందన్నారు, లోపల కూర్చుంటే తలుపేసుకుని ఏం చేస్తున్నదో అన్నారు. ఏ పని చేస్తే మంచిదో మాకు తెలియకుండా పోయింది. నాకు అన్నం సహించలేదు. బయట ఎవరైనా దగ్గితే పోయి తలుపు గడియ చూసుకునేదాన్ని.

చిట్గుప్ప వైపు నుంచి గుండప్ప అనే మంత్రగాణ్ని పిలిపించారు. అతను పటేలు ఇంట్లో తిని, పడుకుని, భాగీరథి మెడ చూసి, మనిషి పేరు చెప్పలేదు. చెప్పనవసరం రాలేదు, ఊరే చెప్పింది. అతను చెప్పింది విరుగుడు మాత్రమే: "మంత్రం పండ్ల సందుల ఉంటది. ముందటి పండ్లు తీస్తే మాట జారుతది, మంత్రం ఖతం." అమావాస్య నాడు మంచిదన్నాడు.

ఈ మాట వినగానే నాకు ఒక నోరు గుర్తొచ్చింది. మా అమ్మగారి ఊళ్లో ముందుపళ్లు లేని ముసలామె ఒకతె ఉండేది. ఆమె నోరు తెరిస్తే పిల్లలం పారిపోయేవాళ్లం. ఆ నోరు అట్లా ఎందుకైందో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇన్నేళ్లకు నాకు అర్థమైంది.

శనివారం శాంతరాజు వచ్చి విన్నాడు.

"సామాను కట్టుండ్రి. హుమ్నాబాద్ పోదాం."

"నేను రాను" అంది అత్త. "పోతే చేసింది నేనే అని ఒప్పుకున్నట్లే. మల్ల ఈ వాడల ఉండేటోళ్ల గతి?"

"పానం కంటె ఎక్కువనా అమ్మా?"

"పండ్లే గదరా తీస్తమంటుండ్రు, పానం గాదు" అని నవ్వబోయింది. ఆ నవ్వులో ఆమె ముందుపళ్లు కనిపించాయి. పుల్లతో తోమి తోమి తెల్లగా ఉంచుకున్న పళ్లు. మేమిద్దరం తలలు దించుకున్నాం. షెడ్డు సేటు ఇంకా సెలవు ఇవ్వలేదని, అమావాస్యకు ముందే వచ్చేస్తానని చెప్పి సోమవారం అతను వెళ్లాడు.

ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందని మిషను ముందు కూర్చున్నాను. ఎవరూ బట్టలు తేవడం లేదు. పెట్టె వెతికితే భాగీరథి రైక ఒక్కటే దొరికింది. దాన్నే ముంజేతి మీద వేసుకుని, చెమట కారుతుంటే తుడుచుకుంటూ, మధ్యాహ్నమంతా కుట్లు విప్పాను.

ఒక రోజు ఆగి నా ముంజేయి మండింది. చూసుకుంటే కత్తెర, కింద చుక్క.

నా మొదటి ఆలోచన దాచను. అత్త పొద్దున నా పేరు కూడా అనుకుంది కదా అని. ఒకే కంచంలో తిన్న మనిషి మీద, ఇది తప్పని ఊరందరితో వాదించిన నాకే, ఆ ఆలోచన మిగతా అన్నిటికంటే ముందు వచ్చింది. చెయ్యి కొంగులో దాచుకున్నాను. అత్త లాగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మిషను మీది రైక తీసి, మెడ పట్టీ లోపలి వైపు తిప్పి, నా చేతి మీద పరిచింది. బట్ట మీద నల్లటి కత్తెర, కింద చుక్క. గీత మీద గీత కూర్చుంది.

"ఇది చంద్రవ్వ పెట్టిన గురుతు గదనే" అంది.

చంద్రవ్వ ఊరి చాకలామె, ఒంటరి మనిషి. రైతుల ఇళ్ల బట్టలు ఉతుకుతుంది, మా వాడ బట్టలు ముట్టదు. మావి మేమే ఉతుక్కుంటాం. ఏ బట్ట ఏ ఇంటిదో తెలియడానికి నల్లజీడి గింజను పొడిచి, ఆ రసంతో ఒక్కో ఇంటికి ఒక్కో గీత పెడుతుంది. నీళ్లకు పోని నలుపు అది. పచ్చి రసం కొందరి ఒంటికి తగిలితే బొబ్బ లేస్తుంది, కొందరికి ఏమీ కాదు. మా వాడలో ఎవరికీ గుర్తులు ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది. నా గుండె మీది బండ ఎవరో పక్కకు దొర్లించినట్టయింది.

"పా అత్తా, చావడి కాడికి పోదాం. సబూతు దొరికింది!"

అత్త రైక వదల్లేదు. "కూసో. ఇది సూపెడితే నా పండ్లుంటయి. చంద్రవ్వ పండ్లు?"

"ఆమె తప్పేమున్నది? గింజ తప్పు."

"నా తప్పేమున్నదని నా మీదికొస్తుండ్రు?" అని నా వైపు తిరిగింది. "గీ రైకలు కుట్టిందెవరని అడిగితే నువ్వేం చెప్తవు?"

నేను కూర్చున్నాను.

ఇద్దరం వాగు దగ్గరికి పోయాం. చంద్రవ్వ నా ముంజేయి చూసి ఉతుకుతున్న బట్ట వదిలేసింది. "పాత గింజలు ఖతమైతే పచ్చియి తెచ్చిన" అంది. "రైకలన్ని ఒక్క తీరే ఉండె, ఎవలయి ఎవలికి ఇస్తనో అని మెడ కాడ గట్టిగ పెట్టిన." తన చేతులు తిప్పి చూసుకుంది. ఏళ్ల తరబడి రసం మరిగిన చేతులు, నల్లగా తోలులా ఉన్నాయి, ఒక్క బొబ్బ లేదు. "నేను పొయ్యి చెప్త అక్కా" అంటూ ఏడ్చింది.

"నోరు మూసుకొని ఉతుకు" అంది అత్త. "గురుతులు ఆగిపోతే మాటలు ఆగిపోతయి."

అదే మా ఉపాయం. చంద్రవ్వ రైకలను బూడిద నీళ్లలో ఉడకబెట్టి, దొంగచాటుగా నాకు తెచ్చిచ్చేది. నేను మెడ పట్టీల మీది గీతలకు గుడ్డ వేసి, రంగు దారంతో ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు కుట్టేదాన్ని. ఉతికిన బట్టల మూటలో అవి వెళ్లిపోయేవి. కొత్తగా ఎవరికీ లేవలేదు. పాతవి మానుతూ వచ్చాయి. భాగీరథి లేచి తిరుగుతోందని చంద్రవ్వ చెప్పింది. చాలా రోజుల తర్వాత ఆ పూట నేను కడుపు నిండా తిన్నాను. అత్త కూరలో ఉప్పు ఎక్కువైందని దెప్పింది. దేవుడా, ఆ దెప్పు ఎంత బాగుందో.

అమావాస్య ఇంకా రాలేదు. శాంతరాజు మధ్యలో శనివారాలు వచ్చి పోయాడు, ఆ వారం ఇంకా రాలేదు. పట్టపగలు, జొన్నరొట్టె పెనం మీద ఉండగా, మా వాకిట్లో జనం. ముందు పటేలు రాచయ్య, పక్కన గుండప్ప. రాచయ్య చెడ్డవాడని నేను ఇప్పటికీ అనను. కోడలు చచ్చిపోతుందేమోనని నిజంగా భయపడ్డ మనిషి. అతని కళ్లలో ఆ భయం చూసే నేను పెనం మీది రొట్టె వదిలేసి వాకిట్లోకి వచ్చాను.

"హేబ్సీ, గిన్ని దినాల సంది ఎవలకూ లేస్తలేవు" అన్నాడు.

"దేవునికి స్తోత్రం పటేలా. మంచిదే గద."

"మంచిదే. గుండప్ప వచ్చిండని నువ్వు ఆపినవు. ఆపుడు చేతనైనోళ్లకే చేసుడు చేతనైతది. గింతకంటె గవాయి, సాక్షెం ఏం కావాలె?"

జనం ఊఁ అన్నారు. మేం రాత్రింబగళ్లు కుట్టిన దారాలన్నీ కలిసి మా అత్త మెడకే చుట్టుకున్నాయి. నేను నోరు తెరిచాను. అత్త నా వైపు చూసి, "లీయా, రొట్టె మాడుతాంది, లోపలికి పో" అంది.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ చంద్రవ్వ వచ్చింది. ఆమెను ఎవరూ పిలవలేదు. "అయ్యా, నాది తప్పు. నా జీడి గింజది. సూడుండ్రి" అని కొంగులోంచి గింజ తీసి, రాయితో పగలగొట్టి, తన ముంజేతి మీద కత్తెర గీసి చుక్క పెట్టింది. ఆ చెయ్యి అందరి ముందూ పట్టుకుని నిలబడింది. అందరూ వంగి చూశారు. ఏమీ లేవలేదు. బొబ్బ లేవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అయినా ఆ తోలుకు అదీ లేవదు.

"సూసిండ్రా?" అన్నాడు గుండప్ప నెమ్మదిగా. "దీన్ని గూడ కట్టేసింది. గిది మాట్లాడుతలేదు, ఆమెనే దీని నోట్లకెల్లి మాట్లాడుతాంది."

"నా చెయ్యి సూడుండ్రి!" అని నేను అరిచాను. "నాకు లేచింది!"

"సొంత కోడల్ని గూడ ఇడువలె" అని ఎవరో ఆడమనిషి నొచ్చుకుంది. నా మీద నిజమైన జాలితోనే అంది.

ఎద్దుల గిట్టలకు నాడాలు కొట్టే పటకారు తెచ్చారు. నన్ను ఇద్దరు ఆడవాళ్లు పట్టుకున్నారు. ఒకామె మెడ నా ముఖానికి ఆనుకుని ఉంది. ఎర్ర రైక, మెడ పట్టీ కొంచెం తిరగబడి, లోపల నీలం దారంతో మూడు గీతలు. నేను కుట్టినవే. ఆ గీతలనే చూస్తూ ఉన్నాను. మిగతాది నేను చూడలేదు, విన్నాను.

శనివారం శాంతరాజు వచ్చి లారీ రాడ్డు అందుకుంటే, నోట్లో గుడ్డ కుక్కుకున్న అత్త ఇంటి నడుమ అడ్డంగా పడుకుంది. అతను ఆమెను దాటి పోలేక అక్కడే కూలబడ్డాడు. మేం ఊరు వదల్లేదు. ఆమె రానంది.

ఆ తర్వాత ఎవరికీ గుర్తులు రాలేదు. ఎట్లా వస్తాయి, దారం ఎవరినీ కాల్చదు. ఊరు మాత్రం పటకారు మహిమ అనుకుంది. గుండప్పకు పొట్టేలు ఇచ్చి, కొత్త ధోవతి కట్టి పంపారు. ఏళ్ల తర్వాత బీదర్‌లో టీచరు ట్రైనింగు చేస్తుంటే, మనసు గురించిన పాఠంలో మా మేష్టారు కన్నడంలో చెప్పారు: మనిషి ముందు నమ్ముతాడు, తర్వాత సాక్ష్యాలు ఏరుకుంటాడు, నమ్మకానికి సరిపడనిది కళ్ల ముందున్నా కనిపించదు అని. అందరూ రాసుకున్నారు. దానికి మందేమిటి సార్ అని నేను అడిగాను. అది పరీక్షకు రాదమ్మా అన్నారు. ఆయన తప్పేం లేదు. కానీ ఆ పాఠం నాకు అప్పటికే వచ్చు. మరుసటి ఉగాదికే నేర్చుకున్నాను.

ఆ ఉగాదికి భాగీరథి మళ్లీ మా గుమ్మంలోకి వచ్చింది. ఈసారి కడుపుతో ఉంది, ఒళ్లు మెరుస్తోంది. పసుపు రంగు గుడ్డ తెచ్చింది. కొలతలు తీసుకుంటుంటే నా చెయ్యి పట్టుకుంది.

"లీయా, మనసుల ఏం పెట్టుకోకు. సూడు, ఆ పండ్లు పోంగనే అంత సాఫయింది. హేబ్సమ్మకు గూడ మంచిదే అయింది, పీడ పోయింది."

ఆమె మెడ వెనుక మచ్చ కూడా మిగల్లేదు. పాత ఎర్ర రైకే వేసుకుని ఉంది. పట్టీ తిప్పి ఆ దారం చూపిద్దామని వేళ్లు అక్కడిదాకా తీసుకుపోయాను. మళ్లీ చంద్రవ్వ గుర్తొచ్చింది. టేపు మడుచుకున్నాను.

అంతలో అత్త ఊరు తిరిగి వచ్చింది. అవును, మళ్లీ తిరిగేది. భాగీరథిని, ఆమె కడుపును చూసి, ఎప్పటిలాగే గడపలో నిలబడి కళ్లు మూసుకుంది. మునుపు ఆమె పెదవుల వెనుక ఏముందో ఎవరికీ వినిపించేది కాదు. ఇప్పుడు పళ్లు లేని సందులోంచి గాలితో పాటు పేర్లు బయటికి వచ్చాయి. జారిపోతూ, నత్తినత్తిగా, కానీ స్పష్టంగానే. రాచయ్య. అంబమ్మ. భాగీరథి. ఇంకా పేరు పెట్టని బిడ్డ. సల్లగుండాలె, ఆమేన్.

అన్నీ భాగీరథి చెవిన పడ్డాయి. ఇన్నేళ్లుగా తన ఇంటి ముందు ఆ పెదవులు అనుకున్నది ఇదేనని మొదటిసారి విన్నది. నేను ఆమె ముఖం చూశాను, ఇప్పుడైనా అని.

ఆమె చెయ్యి మెల్లగా లేచి మెడ వెనక్కి పోయింది.